ఈ రోజు నొప్పి సున్నా

పదకొండు కావడానికి నాలుగు నిమిషాలుందనగా డిటెక్టివ్ నొప్పుల క్లినిక్ మెట్లెక్కాడు. మొత్తం పద్దెనిమిది మెట్లు. పద్నాలుగు నెలల కిందట మొదటిసారి వచ్చినప్పుడు మెట్టు మీద కూలబడి, వెనక్కి జరుగుతూ ఒక్కొక్కటే ఎక్కాడాయన. ఇవాళ చెయ్యి రెయిలింగు మీద పడలేదు. చేతికర్ర మానేసి కూడా రెండు నెలలైంది. అయినా ఇక్కడ అందరికీ ఆయన ఇంకా కర్ర సారే.

గుమ్మంలోనే సిస్టరు నోటుపుస్తకం తెరిచి నిలబడింది. దేవుడే దిగొచ్చినా ఆ క్లినిక్‌లో మొదటి ప్రశ్న ఒకటే.

“పదిలో ఎంత సార్?”

“సున్నా.”

కలం ఆగింది. “సున్నానా?”

“ఏం, ఆ పుస్తకంలో సున్నాకి చోటు లేదా?”

“ఉంది సార్. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదంతే.” మురిసిపోతూ రాసుకుంది.

ఆయనా మురిసిపోయాడు. ఆరేళ్ళ కిందట ఒక దొంగని తరుముతూ గోడ దూకి నడుము విరగ్గొట్టుకున్నాడు. దొంగ దొరకలేదు, నొప్పి దొరికింది. ఎముక అతుక్కున్నా నొప్పి మాత్రం అద్దె కట్టకుండా ఉండిపోయింది. ముగ్గురు డాక్టర్లు అంతా మీ భ్రమ అన్నారు. నాలుగో మనిషి, ఈ డాక్టరమ్మ, గంటసేపు విని, “మీ నొప్పి నిజం” అంది. ఆ రెండు ముక్కలకే ఆయన ఆమె ముందు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. “పూర్తిగా తీసేస్తానని మాటివ్వను. అది ఇంట్లోనే ఉంటుంది. కానీ ఇంటి పెత్తనం మళ్ళీ మీ చేతికొస్తుంది” అని కూడా చెప్పింది. చెప్పినట్టే వచ్చింది. ఇక నిన్న సాయంత్రం నుంచి అసలు నొప్పే లేదు. పొద్దున్న భార్య “ఆ ముక్కు గోక్కోవడం ఆపండి, ఊడొచ్చేట్టుంది” అని కసిరినా నవ్వేశాడు. కళ్ళు మూతలు పడుతుంటే, ఆరేళ్ళుగా పట్టని నిద్రంతా ఇప్పుడొస్తోంది కాబోలనుకున్నాడు.

లోపలి గదిలో ఇన్‌స్పెక్టర్ని చూడగానే ఆ హుషారు సగమైంది.

“రండి గురువుగారూ. వీడ్కోలు చెప్పడానికొచ్చారా? డాక్టరమ్మని నేను తీసుకెళ్తున్నాను.”

ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఈయన దగ్గరే రెండేళ్ళు పని నేర్చుకున్నాడు. ఆ పిలుపులో గౌరవం ఎప్పుడో ఇంకిపోయింది. డాక్టరమ్మ బల్లకి అవతల కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. చేతులు బల్ల మీద కదలకుండా పెట్టుకుంది. 

“కేసేమిటో చెప్పు,” అన్నాడు.

“చెప్పేదేముంది? గడియారాల మెకానిక్కు. భుజం నరం మంట అని ఈవిడ దగ్గర మందు వాడుతున్నాడు. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి పనిబల్ల మీదే వాలిపోయాడు. ఊపిరి నిమిషానికి నాలుగు. ఇవాళ గురువారం, ఇంకా స్పృహ లేదు. ఒంటి మీద ఈవిడిచ్చిన ప్యాచ్. మందు అసలైనదే, పెట్టె మీద రాసినంతే ఉందని ఆసుపత్రివాళ్ళు తేల్చారు. అది మనిషిని పడగొట్టేంత మందు. చీటీ మీద సంతకం ఈవిడది. ఇంకేం కావాలి?”

ప్యాచ్ అంటే అగ్గిపెట్టెంత పల్చటి పట్టీ. చర్మానికి అంటిస్తే మూడు రోజులపాటు గట్టి నొప్పిమందుని కొంచెం కొంచెంగా ఒంట్లోకి వదులుతుంది. డిటెక్టివ్ ఎడమ భుజానికీ ఒకటుంది.

“ఎనిమిది నెలలుగా ఆయనకి అదే బలం,” అంది డాక్టరమ్మ. “అలవాటైన ఒంటిని అది పడగొట్టదు. అలవాటు లేని ఒంటికైతే ప్రాణం మీదికొస్తుంది. ఈయనకెందుకిలా అయిందో నాకే తెలియడం లేదు.”

“తెలియకుండా రాస్తారా మరి?” ఇన్‌స్పెక్టరు లేచాడు. “ఇంట్లో నొప్పంటే ఏమిటో నాకూ తెలుసు. మా అమ్మకి మోకాళ్ళు. ఆవిడకీ ఈవిడే దేవత. ఈ గొడవ తెలిశాక వద్దే అన్నా వినకుండా, డాక్టరమ్మిచ్చింది అంటించరా అని పోరు పెట్టింది. అంటించాను. నిన్నట్నుంచి మత్తుగా పడుకునే ఉంది. వైద్యమట!”

“గంట టైమివ్వు.”

“ఎందుకు?”

“నీకు వేలిముద్ర తియ్యడం నేర్పినందుకు.”

ఇన్‌స్పెక్టరు గోడ గడియారం చూశాడు. “పన్నెండు. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా ఆగను.”

డాక్టరమ్మ వెళ్తే ఈ తలుపులకి తాళం పడుతుంది. పొద్దున్నే వచ్చి ‘ఆరు’ ‘ఏడు’ అని చెప్పుకునే అరవైమంది మళ్ళీ ‘అంతా మీ భ్రమ’ అనేవాళ్ళ గుమ్మాల ముందు నిలబడాలి. అందులో తనూ ఒకడు. ఆవిడకి తను చెయ్యగలిగింది ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది. అదీ గంటలో చెయ్యాలి.

మందుల గది పక్కనే ఉంది. ఒక ఇనప బీరువా, ఒక బల్ల, బల్లకి తాళం వేసిన సొరుగు. స్టోర్ కీపరు కుడి దవడ వాచి ఉంది. డిటెక్టివ్‌ని చూసి నవ్వబోయి, బాధతో ఆగిపోయాడు.

“ప్యాచ్‌లు ఎంతమందికిస్తారు?”

“ముగ్గురికే సార్. డాక్టరమ్మ అంత తేలిగ్గా రాయరు కదా. ముందు నడకంటారు, ఊపిరంటారు, నిద్రంటారు. ఏదీ చాలకపోతేనే ఇది. పదిహేడో నంబరు మెకానిక్కు, ఇరవైమూడు మీరు, నలభైఒకటి ఒక పెద్దావిడ. ఆవిడ కదల్లేరు, కోడలొచ్చి సంతకం పెట్టి తీసుకెళ్తుంది.”

“ఇచ్చే పద్ధతి?”

“మీకు తెలియందేముంది? వాడేసిన ప్యాచ్ తెచ్చి ఈ కార్డుకి అంటిస్తేనే కొత్తది. ఒకటి ఒంటి మీద, ఒకటి చేతిలో. అంతకుమించి ఎవరి దగ్గరా ఉండదు. నేను ఒక్కటి కూడా బయటికి పోనివ్వలేదు సార్.”

“పోయిందని ఎవరన్నారు?”

స్టోర్ కీపరు దవడ తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం పాత పద్ధతి. వీడు దవడ తడుముకుంటున్నాడు అనుకున్నాడు డిటెక్టివ్.

“మెకానిక్కు ప్యాచ్ తీసుకున్నది సోమవారం. ఆ రోజు…”

“ఆ రోజు నేను లేనే లేను సార్!” అడక్కముందే జేబులోంచి కాగితం తీశాడు. “పన్ను పీకించుకున్నాను. ఇదిగో డెంటిస్టు చీటీ. తొమ్మిదిన్నరకి లోపలికి పిలిచారు. సాయంత్రం దాకా ఇంట్లోనే ఉన్నాను, మా ఆవిణ్ణి అడగండి.”

“మరి ఆ రోజు ఎవరిచ్చారు?”

“డాక్టరమ్మగారే. స్వయంగా.”

గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టరు గట్టిగా నవ్వాడు. “విన్నారుగా గురువుగారూ. మీ సాక్షే నా పని చేసిపెడుతున్నాడు.”

“అవును, నేనే ఇచ్చాను,” వెనకనుంచి డాక్టరమ్మ అంది. “సొరుగు తాళంచెవి ఈయన జేబులో ఉండిపోయింది. బీరువాలో కొత్త పెట్టె సీలు కోసి, ముగ్గురికీ మూడిచ్చాను. మెకానిక్కు ఇక్కడే, తొమ్మిదింటికి అంటించుకుని వెళ్ళాడు.”

పదకొండూ ఇరవై. డిటెక్టివ్ బల్ల దగ్గర కూర్చుని మెకానిక్కు షాపు నుంచి ఇన్‌స్పెక్టరు తెచ్చిన నొప్పి డైరీ తెరిచాడు. ఇక్కడ ప్రతివాళ్ళూ రోజుకి మూడుసార్లు నొప్పి ఎంతో రాయాలి. డిటెక్టివ్ డైరీ అయితే ఆదివారం కూర్చుని వారానికి సరిపడా ఒకేసారి రాసేసే రకం. సిస్టరు తిట్టేది. కానీ గడియారాల మనిషి కదా, ఈయన నిమిషాలతో సహా రాశాడు. 7.02, నొప్పి నాలుగు. 7.15 నుంచి 7.26 వరకు నడక. 1.00, నొప్పి మూడు, మనవరాలి గడియారం బాగుచేశాను.

అక్షరాలు అలుక్కుపోయినట్టయ్యాయి. గదిలో గాలి ఆడటం లేదేమో. డిటెక్టివ్ ముక్కు రుద్దుకుని పేజీ తిప్పాడు.

“కునుకు పడుతోందా?” ఇన్‌స్పెక్టరు అడిగాడు. “పడుకోండి. పన్నెండింటికి లేపుతాను.”

“కందకి లేని దురద కత్తిపీటకెందుకోయ్. చదవనీ.”

మూడు వారాల వెనకటి పేజీ దగ్గర వేలు ఆగింది. ‘9.40, ఆవలింతలు. గంటలో ఇరవైరెండు. ముక్కు ఒకటే కారుతోంది. ఒళ్ళు గగుర్పొడుస్తోంది. కాళ్ళు లాగేస్తున్నాయి. నొప్పి ఏడు.’ నాలుగు రోజులు అదే వరస. పక్కన డాక్టరమ్మ ఎర్ర సిరాతో రాసింది: జ్వరం లేదు. మరి ఏమిటి?

“ఇదేమిటి డాక్టరమ్మా?”

“అడిగాను. వానలో తడిసిన జలుబన్నాడు.”

“నేనూ అదే అన్నాను,” అన్నాడు డిటెక్టివ్ నెమ్మదిగా. “మీతో కాదు, సిస్టరుతో. అదే వారం. ఆవలింతలు, ముక్కు కారడం, రాత్రంతా కాళ్ళు ఒక చోట పెట్టలేకపోవడం. మా ఆవిడ మిరియాల కషాయం పోసింది.”

డాక్టరమ్మ ముందుకొచ్చింది. “వాడుతున్న మందు ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు అలా గోల చేస్తుంది. అది జలుబు కాదు.”

“మేం ఆపలేదు కదా. అంటించుకుంటూనే ఉన్నాం.”

“అంటించుకున్నారు,” అందామె. “ఏది అంటించుకున్నారు?”

ఇద్దరూ ఒకేసారి బల్ల మీది కార్డు వైపు చూశారు. పదిహేడో నంబరు. వాడేసిన ప్యాచ్‌లు పద్నాలుగు, వరసగా. ప్రతిదాని మీదా నీలం అక్షరాల్లో మందు పేరు. డిటెక్టివ్ సిస్టర్ని స్పిరిటూ దూదీ అడిగాడు. మొదటిదాన్ని రుద్దాడు. అక్షరాలు కదల్లేదు. రెండోది, మూడోది, అలా ఏడోదాకా ఏమీ కాలేదు.

“తోమండి, తోమండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎనిమిదోదాన్ని రుద్దగానే మందు పేరు దూదికొచ్చేసింది. కింద ఉత్త ప్లాస్టరు మిగిలింది. తొమ్మిదోదీ అంతే. పద్నాలుగోదాకా అంతే. దూదంతా నీలమైంది.

“ఏడు ప్యాచ్‌లు. ఒక్కోటి మూడు రోజులు. ఇరవైఒక్క రోజులు.” డిటెక్టివ్ స్టోర్ కీపరు వైపు తిరిగాడు. “అసలువి బయట అమ్ముకుని, వాటి కవర్లలోనే ఇవి పెట్టి అతికించి, నీ సొరుగులోంచి ఇచ్చావు. మూడు వారాలు ఒట్టి ప్లాస్టరు మీద బతికేసరికి ఒళ్ళు మందు అలవాటు మర్చిపోయింది. సోమవారం నువ్వు లేవు. నీ సొరుగు తెరుచుకోలేదు. డాక్టరమ్మ పాపం నిజాయితీగా అసలుది ఇచ్చింది. ఆ చీటీ జాగ్రత్తగా దాచుకో. నువ్వు లేని ఆ ఒక్క రోజే నిన్ను పట్టించింది.”

స్టోర్ కీపరు బీరువాకి ఆనుకున్నాడు. వాచిన దవడ కంటే రెండో వైపే ఎక్కువ పాలిపోయింది. ఇన్‌స్పెక్టరు సొరుగు తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. మొట్టమొదటిసారి అతని మొహంలో వెటకారం లేదు.

డిటెక్టివ్ ఇంకా ఏదో చెప్పాలనుకున్నాడు. నాలుక బరువెక్కింది. డాక్టరమ్మ వాళ్ళెవర్నీ చూడటం లేదు. ఆయన్నే చూస్తోంది.

“మీ ప్యాచ్ ఎప్పుడు మార్చారు?”

“నిన్న పొద్దున్న ఎనిమిదింటికి. సోమవారం మీరిచ్చిందే…”

“మెకానిక్కు పడిపోయింది అంటించుకున్న ఇరవైఎనిమిది గంటలకి.” ఆమె గడియారం చూసింది. పదకొండూ నలభై. “మీకు ఇరవైఎనిమిది కావడానికి ఇరవై నిమిషాలుంది. సిస్టర్! ఈయన ఇవాళ ఎంతన్నారు?”

సిస్టరు నోటుపుస్తకం తెరిచింది. “సున్నా అన్నారమ్మా.”

ఆ ఒక్క అంకె డాక్టరమ్మ ఎవరికీ ఎన్నడూ మాటివ్వలేదు. పొద్దుట్నుంచి దాన్ని చంకలో పెట్టుకుని ఊరేగుతున్నందుకు డిటెక్టివ్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే పక్కకి ఒరిగాడు.

తర్వాత జరిగినవి ముక్కలు ముక్కలుగా తెలిశాయి. చొక్కా గుండీలు తెగాయి. భుజం మీంచి ప్యాచ్ చర్రున ఊడింది. ఎవరో కనురెప్ప ఎత్తి, కనుపాప ఆవగింజంత అయిందన్నారు. “ఊపిరి తియ్యండి. నేర్పాను కదా, నాలుగు లెక్కపెట్టి లోపలికి. కర్ర సారూ, తియ్యండి!” డాక్టరమ్మ గొంతు ఎక్కడో నూతి పైనుంచి వినిపించింది. నేర్పిన మనిషి మాట కాదనలేక తీశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తొడలో సూది దిగింది.

ముందు గది తిరిగొచ్చింది. ఆ వెనకే నొప్పి వచ్చింది. అరిచి రాలేదు. తన ఇంటికి తను వచ్చినట్టు నడుములోకి వచ్చి, కాలిదాకా పరుచుకుని కూర్చుంది. డిటెక్టివ్ పళ్ళు బిగపట్టాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

“ఎంత?” డాక్టరమ్మ అడిగింది.

“ఎనిమిది.” ఆయన ఆమె చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. “ఎనిమిదమ్మా. మీకు చచ్చేదాకా రుణపడి ఉంటాను.”

“ఇంజక్షన్‌కా?”

“కాదు. మొన్నటిదాకా మూడు వారాలు నా ఒంటి మీద ఉన్నది ఒట్టి ప్లాస్టరని ఇప్పుడేగా తెలిసింది. మరి ఆ మూడు వారాలూ కర్ర లేకుండా తిరిగాను. మొన్న ఆదివారం మా ఆవిడతో బజారంతా నడిచాను. నొప్పి నాలుగే ఉంది. అదంతా…”

“మీ కాళ్ళతోనే నడిచారు,” అందామె. ఇంతసేపూ నిబ్బరంగా ఉన్న మనిషి కళ్ళు అప్పుడు తడిశాయి. “వేలికున్న ఈ ఆక్సిజన్ చూసే క్లిప్పు తియ్యకండి. సూది ప్రభావం గంటలో తగ్గుతుంది, మళ్ళీ మత్తు రావచ్చు. ఆంబులెన్సుకి చెప్పాం.”

అంతలో డిటెక్టివ్‌కి లెక్క గుర్తొచ్చింది. సోమవారం ఇచ్చినవి మూడు. మెకానిక్కు, తను. బల్ల మీది రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. నలభైఒకటో నంబరు ఎదురుగా ఆ రోజు కోడలి సంతకం లేదు. చివర తేలు తోకలా పైకి లేచిన సంతకం ఉంది. ఆ తోక కోసేసి రాయమని ఆయనే రెండేళ్ళు పోరాడాడు. వినలేదు కుర్రాడు.

తలెత్తి చూశాడు. ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను చెవికి ఆనించుకున్నాడు. అవతల మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు.

“ఎప్పుడు అంటించావు?” డాక్టరమ్మ అడిగింది.

“నిన్న… పొద్దున్న ఏడింటికి. ఇంట్లో ఎవరూ లేరు. మా ఆవిడ ఆఫీసుకెళ్ళింది. మత్తుగా ఉందంటే నేను… నేను తిట్టి వచ్చాను.”

అప్పటికే ఆమె బీరువాలోంచి ఇంకో రెండు విరుగుడు సూదులు సంచిలో వేసుకుంది. “ఇల్లెంత దూరం?”

“ఎనిమిది నిమిషాలు.”

“ఐదులో పోనియ్యి.”

అరెస్టు చెయ్యడానికి తెచ్చిన కాగితం ఇన్‌స్పెక్టరు చేతిలోంచి జారి నేల మీద పడింది. దాన్ని తొక్కుకుంటూనే పరిగెత్తి ఆవిడకి తలుపు తీసి పట్టుకున్నాడు. “రండమ్మా,” అన్నాడు. ఆ పిలుపులో ఇంకిపోయిన గౌరవమంతా ఉంది. జీపు హారను వీధి చివరిదాకా ఆగకుండా మోగింది.

గదిలో ముగ్గురు మిగిలారు. గుమ్మం దగ్గర సిస్టరు, బల్ల పక్కన డిటెక్టివ్, బీరువా పక్కన స్టోర్ కీపరు. స్టోర్ కీపరు చూపు తలుపు వైపు వెళ్ళింది. డిటెక్టివ్ కుర్చీని అంగుళం అంగుళం జరిపి తలుపుకి అడ్డంగా వేసి కూర్చున్నాడు. జరిపిన ప్రతిసారీ నడుములో నిప్పు రాజుకున్నట్టయింది.

“సార్, మీకు చాలా బాధగా ఉంది,” అన్నాడు స్టోర్ కీపరు మెత్తగా. “కాసేపు నడుం వాల్చండి. నేనెక్కడికీ వెళ్ళను.”

“నొప్పితో ఎలా కూర్చోవాలో డాక్టరమ్మ నాకు పద్నాలుగు నెలలు నేర్పింది నాయనా. నువ్వే కూర్చో. ఎవరు ముందు లేస్తారో చూద్దాం.”

నాలుగు లెక్కపెట్టి ఊపిరి లోపలికి. ఆరు లెక్కపెట్టి బయటికి. పన్నెండు కొట్టింది. పన్నెండూ నాలుగు. సిస్టరు ఆయన వేలి క్లిప్పు వంకా, మెట్ల వంకా మార్చి మార్చి చూస్తోంది. స్టోర్ కీపరు చివరికి నేల మీద చతికిలబడి మోకాళ్ళలో మొహం పెట్టుకున్నాడు.

పన్నెండూ తొమ్మిదికి ఫోను మోగింది.

“గురువుగారూ,” ఇన్‌స్పెక్టరు గొంతు గుర్తుపట్టేలా లేదు. “అమ్మ కళ్ళు తెరిచింది.”

డిటెక్టివ్ ఫోను చెవికి నొక్కుకున్నాడు. “ఏమంది?”

“‘మోకాళ్ళు చంపేస్తున్నాయిరా’ అంది. డాక్టరమ్మ అడిగారు, పదిలో ఎంతా అని. తొమ్మిదట గురువుగారూ! తొమ్మిది!” కొడుక్కి మొదటి ర్యాంకు వచ్చినట్టు అరుస్తున్నాడు, ఏడుస్తున్నాడు. వెనకనుంచి ఒక ముసలి గొంతు వాణ్ణి తిట్టడం వినిపించింది.

కింద ఆంబులెన్సు ఆగిన చప్పుడైంది. డిటెక్టివ్ ఫోను పెట్టేసి సిస్టరు వైపు తిరిగాడు. “ఆ పొద్దున్నటి సున్నా కొట్టెయ్యమ్మా,” అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని, సున్నా కొట్టేసి, పక్కన ఎనిమిది వేసింది.